అత్త ముక్కు మీది బొడిపె

మొన్న నంద్యాలలో చర్మాల డాక్టరు నా మెడ మీది రెండు పులిపిర్లకు కరెంటు సూది తాకించి, నేను "అమ్మా" అనేలోపే మాడ్చేశాడు. ఆయనకు నా చిన్నకొడుకు ఈడు ఉంటుందేమో. "అంతే పెద్దమ్మా, లెయ్యొచ్చు" అన్నాడు. బల్ల దిగుతుంటే సంతోషానికి బదులు ఒళ్ళు మండే కోపం వచ్చింది. నా ముఖం చూసి ఆయన బెదిరి, మందు మండుతోందా అని అడిగాడు. మా అత్త ముక్కు సంగతి ఆ పిల్లవాడికేం చెప్పను?

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులవి. నేను ఆళ్లగడ్డకు కాపురానికి వచ్చి రెండేళ్లయింది. మా ఆయన కోయిలకుంట్ల బడిలో పంతులు. ఆదివారాలు మాత్రం ఇంటికి వచ్చేవాడు. ఇంట్లో పెత్తనమంతా ఆయన అన్నది, అంటే మా బావది. అత్త గొంతు పెద్దది. శనగల కళ్ళంలో ఆమె కేకేస్తే రోడ్డు మీద పోయే బండెద్దులు నిలబడేవి. కోళ్ళను కూడా చుట్టాలను తిట్టినట్టు వరసలు కలిపి తిట్టేది. మెడ చుట్టూ ఆమెకు డజను పులిపిర్లున్నా వాటి జోలికి పోయేది కాదు. ముక్కు కుడి అంచున జొన్నగింజంత బొడిపె ఒకటి లేచినప్పుడు మాత్రం రోజూ ఇత్తడి చెంబులో ముఖం చూసుకునేది. గోరు తగిలితే నెత్తురొచ్చేది. పక్కు కట్టేది, ఊడేది, మళ్ళీ కట్టేది. "ఇది ఆ జాతి కాదు మేయ్. నంద్యాలకు పోయి చూపించుకోవల్ల" అంది నాతో.

బావ మధ్యాహ్నం అన్నం తింటుండగా ఆ మాటే అడిగింది. ఆయన తల ఎత్తలేదు. "ముసిల్దానివి, నీకిప్పుడు సొగసెందుకు? ఆడ ముక్కు కోస్తే నన్ను శూర్పణఖ కొడుకంటారు. మజ్జిగ పొయ్యి" అన్నాడు. అత్త పోసింది. ఆకు నిండి, నేల తడిసి, ఆయన మోకాళ్ల దాకా పారేటట్టు పోసింది.

నాలుగు రోజులకు బావ పులిపిర్లు రాల్చేవాడినొకణ్ణి పిలిపించాడు. వాడు జట్కా గుర్రం తోక వెంట్రుకతో బొడిపెకు ముడి బిగించబోయాడు. దానికి కాడ లేదు, ముడి జారిపోయింది. సున్నం, చాకలి సోడా కలిపి నూరి పెట్టమని చెప్పి పోయాడు. నూరింది నేనే. అత్త చెంప ఉబ్బింది, బొడిపె పుండయింది. గోడవైపు తిరిగి పడుకుని, నొప్పిని కూడా ఆమె తిడుతూనే భరించింది. "తగ్గుతుందిలే" అంటూ బావ ఏడాది గడిపాడు. ఒక ఆదివారం మా ఆయనకు చెప్పాను. "అన్న చూసుకుంటాండాడు కదా" అని నింపాదిగా కాఫీ తాగాడు. ఆయన మంచివాడని ఊళ్ళో పేరు. ఆ మంచితనం మీద నాకు ఈనాటికీ కోపమే.

ఒక పొద్దున అత్త రెండు చీరలు మూట కట్టింది. "నువ్వొస్తాండావా, నేనొక్కదాన్నే పోవల్నా?" అంది నాతో. బావ వాకిట్లో అడ్డం నిలబడ్డాడు.

"యాడికి?"

"నా ముక్కు యాడికి పోతే ఆడికి. జరుగు."

జరిగాడు. పెట్రోలు దొరకని కాలం కదా, బొగ్గుల పొయ్యి తగిలించుకున్న బస్సు దగ్గుతూ, ఆగుతూ మమ్మల్ని నంద్యాల చేర్చేసరికి ఇద్దరి ముఖాలూ మసిబారాయి. మిషను ఆసుపత్రిలో డాక్టరమ్మ మన సీమ మనిషే. అత్త గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పి చూసింది.

"దీనికి సున్నం పెట్టింది ఎవరు?"

నేను చీరల మూటను ఒళ్ళోకి లాక్కున్నాను.

"నేనే పెట్టుకుంటి" అంది అత్త.

"ఇది పులిపిరి కాదమ్మా, కండను మెల్లగా తినే పుండు. మొదట్లో వచ్చింటే చిన్న కోతతో పోయుండేది. ఇప్పుడు ముక్కు అంచు తియ్యాల."

"తియ్యి తల్లీ. మిగిలిందాంతో ఊపిరి పీల్చుకుంటా."

తిమ్మిరి సూది వేసి కోశారు. రెండు వారాల తర్వాత, కుడి ముక్కు రంధ్రం అంచు లేని ముఖంతో అత్త ఆళ్లగడ్డలో బస్సు దిగింది. చూసిన ఆడవాళ్లు తమ నోళ్లకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఆమె మాత్రం కప్పుకోలేదు.

పరామర్శకు వచ్చినవాళ్లతో బావ, "మేమే నంద్యాలకు తీసకపోయినాం" అనడం వంటింట్లోకి వినపడింది. అంతవరకు నేను ఆయన ఎదుట నోరెత్తి ఎరగను. గడప దాటి వచ్చి నిలబడ్డాను. "మీరు తీసకపోలేదు. మీరు సున్నం పెట్టించినారు. నేను నూరినా. ఆమెంతట ఆమే పోయింది, నేను ఎంటపోయినా" అన్నాను. బావ ఆరు నెలలు నాతో పలకలేదు. అంత ప్రశాంతంగా నేనెన్నడూ వంట చేసి ఎరగను. నేను నోరెత్తిన రోజు సాయంత్రమే నా తల దువ్వుతూ అత్త జుట్టు గట్టిగా గుంజింది. "నూరినావని ఎవురడిగినారే నిన్ను?" అంది. అంతకు మించి ఆ మాట ఎత్తలేదు.

ఆ తర్వాత ఆమె పద్దెనిమిదేళ్లు బతికింది. పుండు మళ్ళీ రాలేదు. ముసలిదని బావ తేల్చేసిన ఆ మధ్యాహ్నానికి ఆమెకు యాభై ఆరేళ్లు. నాకిప్పుడు అరవై మూడు. నా మీద ఒక్కో ఏడు పడేకొద్దీ, ఆ మధ్యాహ్నం ఆమె ఎంత చిన్నదో తెలిసివస్తోంది.