బావ మానిటర్‌కి తగిలిన దిష్టి

కొన్నేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. చెప్పాల్సిన మనిషి దూరంగా కూడా లేడు. వారంలో నాలుగు రోజులు కనిపిస్తాడు, భుజం మీద చెయ్యి వేస్తాడు, టీ తాగిస్తాడు. అతనికి చెప్పలేకే మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు కాబట్టి కాస్త ధైర్యంగా ఉంది. ఇదంతా ఒక కంప్యూటర్ ఆట గొడవ. నవ్వొస్తే ఒకసారి నవ్వేసి, తర్వాత వినండి.

రమణ మా మేనత్త కొడుకు, నాకంటే పెద్దవాడు, నాకు బావ. నరసరావుపేటలో వాళ్ళకి పురుగుమందుల కొట్టు ఉంది. కొట్టు పైనే ఇల్లు. మాది పక్క వీధి. చదువులు అయిపోయి ఇద్దరం ఖాళీగా ఉన్న రోజుల్లో తుపాకులతో కాల్చుకునే ఆట ఒకటి ఆన్‌లైన్‌లో ఆడేవాళ్ళం. ఆడేవాళ్ళం అంటే చిన్నమాట, తిండి మానేసి ఆడేవాళ్ళం. బావది మామూలు చెయ్యి కాదు. అవతలివాడు గోడ చాటు నుంచి తల బయట పెట్టేలోపే కాల్చేసేవాడు. నేనూ బాగానే ఆడేవాణ్ణి. కానీ బావ పక్కన ఎప్పుడూ రెండోవాణ్ణే.

ఇక్కడ మానిటర్ సంగతి కొంచెం చెప్పాలి. తెర మీద బొమ్మ సెకనుకి ఎన్నిసార్లు మారుతుందో దాన్ని హెర్ట్జ్‌లలో చెబుతారు. మామూలు మానిటర్ అరవై. ఆటల కోసం చేసినవి నూట నలభై నాలుగు, ఆపైన. అలాంటిదాంట్లో కదలిక నున్నగా ఉంటుంది, శత్రువు రెప్పపాటు ముందే కంటబడతాడు. నా దగ్గర నూట నలభై నాలుగుది ఉండేది. బావ దగ్గర పాత అరవైది. దాంతోనే నన్ను ఓడించేవాడు. ఎప్పుడైనా తను ఓడిపోతే మాత్రం "ఈ డబ్బా లాగుతందిరా" అని, అంటే బొమ్మ చేతికంటే వెనకబడుతోందని, మానిటర్‌ని తిట్టుకునేవాడు.

అప్పుడే విజయవాడ జట్టు ఒకటి కొత్త ఆటగాడి కోసం ఆన్‌లైన్‌లో ఎంపిక మ్యాచ్‌లు పెట్టింది. ఇద్దరం పేర్లు ఇచ్చాం. చోటు ఒక్కటే. మామయ్య అప్పటికే బావ మీద విసిగిపోయి ఉన్నాడు. "నిన్ను తీసుకుంటే నీ ఇష్టం. తీసుకోకపోతే కొట్లో కూర్చో, మళ్ళీ ఆ ఆట మాట ఎత్తావంటే ఊరుకోను" అని తేల్చి చెప్పాడు. బావ గుంటూరు వెళ్ళి కొత్త మానిటర్ తెచ్చుకున్నాడు. నూట నలభై నాలుగు.

పెట్టె విప్పి తీగలు తగిలించింది నేనే. ఇంట్లో కంప్యూటర్ సంగతులు తెలిసినవాడినని నాకు పేరు. బావ ఆటలో ఎంత చురుకో, సెట్టింగుల దగ్గర అంత మొద్దు. ఇలాంటి మానిటర్ తగిలించగానే దానంతట అదే నూట నలభై నాలుగులో నడుస్తుందని చాలామంది అనుకుంటారు. చాలాసార్లు నడవదు. సెట్టింగుల్లోకి వెళ్ళి మనమే మార్చాలి. నేను అది తెరిచి చూశాను. అరవై అనే ఉంది. మార్చేలోపే బావ మౌస్ లాక్కుని అటూ ఇటూ తిప్పి, "అబ్బబ్బ! వెన్నరా బామ్మర్దీ, వెన్న!" అన్నాడు.

నాకు నవ్వాగలేదు. రేపు చెప్పి బాగా ఏడిపిద్దాం అనుకున్నాను. అప్పటికి నిజంగా అంతే అనుకున్నాను. అంతేనా? ఇప్పుడు నాకే నమ్మకం లేదు.

తెల్లారి చెప్పలేదు. అరవైతోనే నన్ను ఓడించేవాడు నూట నలభై నాలుగు ఇస్తే ఏం చేస్తాడో అన్న ఆలోచన ఒకటి వచ్చి కూర్చుంది, ఇక నోరు పెగల్లేదు. నేనేం చెడగొట్టాను, తీగ కత్తిరించానా, ఉన్నది ఉన్నట్టే కదా ఉంచాను అని నా తరఫున నేనే వకాల్తా పుచ్చుకున్నాను. బావకి ఆ మానిటర్ వల్ల కొత్తగా వచ్చిన నష్టం లేదు, ఎప్పుడూ ఆడే అరవైలోనే ఆడుతున్నాడు. కానీ పాతది ఉన్నప్పుడు తిట్టుకోవడానికి అది ఉండేది. ఇప్పుడు తిట్టుకోవడానికి తను తప్ప ఎవరూ లేరు. ఎంపికలో ఒక మ్యాచ్ ఓడాడు. కంగారులో ఇంకొకటి ఓడాడు. కళ్ళ డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చాడు. కళ్ళు శుభ్రంగా ఉన్నాయన్నారట.

ఆఖరి మ్యాచ్‌కి ముందు నన్ను పిలిచాడు.

"ఒరేయ్, నిజం చెప్పు. సెట్టింగులన్నీ చూశావంట్రా?"

"అన్నీ చూశా బావా."

"మరి ఏందిరా ఇది? చానా కష్టంగా ఉంది. చెయ్యి నాది కాదన్నట్టుంది."

చూశానన్నది అబద్ధం కాదు. చూశాను కదా. ఇలాంటి తెలివితేటలు నాకు ఆ వయసుకే వచ్చేశాయి.

అప్పుడే అత్త కొంగు దోపుకుని గదిలోకి వచ్చింది. గుప్పెట్లో ఉప్పు, కారంపూడి రైతులెవరో ఇచ్చిన ఎండుమిరపకాయలు. "కొత్త టీవీ వచ్చిన కాణ్ణుంచి పిల్లోడు వాడిపోయాడు. ఎవరి కన్ను పడిందో ఏమో" అంది. దాన్ని ఆమె టీవీ అనే అనేది. ముందు మానిటర్ చుట్టూ తిప్పింది, తర్వాత బావ చుట్టూ. నేను జారుకోబోతే, "నువ్వెక్కడికిరా? కూర్చో, నీకూ తీస్తా. నువ్వు మాత్రం నా బిడ్డవి కాదా" అని నా తల చుట్టూ కూడా తిప్పింది. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, అందరిదీ పోవాలంది. ఆ ఉప్పూ మిరపకాయలూ తీసుకెళ్ళి నిప్పుల మీద వేసింది.

దిష్టి ఉంటే మిరపకాయలు కాలినా ఘాటు రాదని మా వైపు నమ్మకం. ఆ రోజు వచ్చిన ఘాటుకి కింద కొట్లో ఉన్న మామయ్య కూడా దగ్గాడు. అందరికంటే ఎక్కువ దగ్గింది నేను. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే అత్త మంచినీళ్ళు తెచ్చి తాగించి, వీపు నిమిరింది. తర్వాత బావ వైపు తిరిగి నెమ్మదిగా అంది. "దిష్టి ఏం లేదురా నాయనా. నీలోనే ఏదో తగ్గింది."

బావ తన చేతుల వంక చూసుకున్నాడు. నేను గ్లాసులో మిగిలిన నీళ్ళు కూడా తాగేశాను.

జట్టు నన్ను తీసుకుంది. ఏడాది తిరగకుండానే జట్టే విడిపోయింది, అది వేరే కథ. బావ కొట్లో కూర్చున్నాడు. "నా చేతికి ఇది దండగరా, నువ్వు వాడుకో" అని ఆ మానిటర్ తనే మోసుకొచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. నేను వద్దనలేదు. నాదాన్ని తమ్ముడికి ఇచ్చేసి, ఇప్పటికీ బావ ఇచ్చినదాని మీదే ఆఫీసు పని చేసుకుంటున్నాను. ఆటలు మానేశాను. నా కంప్యూటర్‌కి తగిలించినప్పుడు కూడా అది అరవైతోనే మొదలైంది. సెట్టింగు మాత్రం మార్చలేదు. అరవైలోనే ఉంచాను. అది శిక్ష అనుకున్నానో, మార్చే అర్హత లేదనుకున్నానో నాకే తెలియదు. సరిచేసి ఉంటే బావ గెలిచేవాడా? అదీ తెలియదు. తెలియకుండా చేసింది నేనే.

మొన్నామధ్య బావ మా ఇంటికి వచ్చి, మాటల మధ్యలో ఊరికే మౌస్ పట్టుకుని తిప్పాడు. ఆగాడు. మళ్ళీ తిప్పాడు.

"ఏందిరా, ఇది నీకాడ కూడా లాగుతంది! అంటే నా చెయ్యి కాదన్నమాట!"

ఎన్నేళ్ళ తర్వాతో బావ మొహం అలా వెలిగింది. పాడు సరుకు అంటగట్టాడని గుంటూరు షాపువాణ్ణి నోటికొచ్చినట్టు తిడుతూ, నవ్వుతూ కూర్చున్నాడు. నోరు తెరవడానికి అంతకంటే మంచి సమయం ఇంకెప్పుడొస్తుంది? "అవును బావా, మానిటరే బాగాలేదు" అన్నాను. ఛీ, నన్ను నేనేమనుకోను. మళ్ళీ అదే పని, ఈసారి ముఖం మీదే పచ్చి అబద్ధం.

సాయంత్రం అత్త ఫోన్ చేసింది. "చూశావంట్రా, నేననలా? ఆ టీవీకి దిష్టి తగిలే ఉండాది. మిరపకాయలే మోసం చేసినయ్. ఇంతకీ ఎవరి కన్నురా అది?"

"ఏమో అత్తా" అన్నాను.

ఏమో కాదు. నాది. అత్తకి చెప్పలేదు, బావకి చెప్పలేదు, చెబుతానని మీకు మాటివ్వడానికి కూడా నాకు ధైర్యం చాలడం లేదు. కానీ ఆ కన్ను నాదేనని ఒకచోట రాసేశాను. రాస్తుంటే ఆ రోజులాగే దగ్గొచ్చింది. ఈసారి మంచినీళ్ళు నేనే తెచ్చుకుని తాగాను.