ఆ ఫోనులోనూ కనిపించాలి

మా పై అంతస్తు పిల్ల పోయిన శుక్రవారం కన్నుమూసింది. ఈ అరబ్బు దేశంలో, ఘుబ్రాలోని మా బిల్డింగులో అందరికీ ఫోన్లలో తెలిసింది. నాకు మాత్రం వాళ్ళాయన మెట్లు దిగివచ్చి, గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. ముప్పై దాటిన మనిషిని పిల్ల అంటున్నానని ఏమీ అనుకోకండి. కడప నుంచి వచ్చిన ఆమె నన్ను అవ్వా అనేది. అందుకే నాకూ పిల్ల అనే మాటే నోటికొస్తుంది.

వెబ్ పేజీలు తయారుచేయడం ఆమె ఉద్యోగం. ఆస్పత్రుల్లో భాష రాక ఇబ్బందిపడే మనవాళ్ళకు సాయపడే మా బృందానికి ఒక పేజీ చేసిపెట్టింది. అందులో తెలుగు నేను రాశాను. అడుగున ఉన్న ఆకుపచ్చ బటను నొక్కితే మాలో ఒకరి ఫోను మోగుతుంది.

ఒకరోజు నేను ఆమె ఇంట్లో ఉండగా మబేలా నుంచి ఒక మేస్త్రీ వచ్చాడు. బిల్డింగు కట్టేచోట తన రూమ్మేటు కాలు విరిగితే, డాక్టరు అడిగేది అర్థంకాక పూటంతా ఆస్పత్రిలో కూర్చున్నారట.

"పేజీ దొరికింది గని, బటన్ యాడున్నదో కనవడలేదమ్మా."

నా ఫోనులో బటను చక్కగా ఉంది. వేరే బ్రౌజరులో తెరవమని చెబితే సరిపోతుంది కదా అన్నాను.

"కాలిరిగినోని పక్కన కూచోని బ్రౌజర్ మారుస్తారా అవ్వా?" అంది.

అతని ఫోను చేతిలోకి తీసుకోలేదు. "పైనుంచి ఏమేం కనపడతాందో చెప్పన్నా" అని అడిగింది.

"ఫొటో ఉన్నది. రాతలున్నయి. గంతే."

ఆ ఫోనులోని బ్రౌజరు తన అడ్రసు పట్టీని తెర అడుగున చూపిస్తుంది. మా బటను దాని వెనక ఉండిపోయింది. ఆమె తన ల్యాప్‌టాప్‌లో ఏదో మార్చింది. ఈసారి బటను పైకొచ్చింది, నా వాక్యాలను కప్పేసింది.

"నీ తెలుగు మీదెక్కి కూచుండాది. రెండు ముక్కలు తగ్గిస్తావా అవ్వా?"

"ఒక్క అక్షరం తగ్గదు. దాన్నే దింపు."

నవ్వి, మళ్ళీ మొదలుపెట్టింది.

తర్వాత ప్లంబరు వచ్చినా, చుట్టాలొచ్చినా వాళ్ళ ఫోను అడిగేది. పేజీ తెరిచి చూసి, చున్నీతో తుడిచి ఇచ్చేది. "మన ఫోన్లో బాగుంటే మనకే బాగున్నట్టు" అనేది. జబ్బు ముదిరి మంచంలో ఉన్నప్పుడు కూడా నర్సు ఫోనులో పేజీ తెరిచి చూసిందని వాళ్ళాయన చెప్పాడు.

నాకు మాత్రం కళ్ళ ముందు కదిలేది ఆ మేస్త్రీ వచ్చిన రోజే. ఎన్నోసారో పేజీ తెరిచి, "అక్కా, వచ్చింది!" అంటూ బొటనవేలితో నొక్కాడు. బల్లమీద ఆమె ఫోను మోగింది. నేను తీయబోయాను.

ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండవ్వా, ఇంకొంచేపు మోగనీ."