చదవని ఆఖరి పాఠం

అరవైల్లో బోధన్‌లో తొమ్మిదో తరగతి చదివేటప్పుడు మాకొక ఉపవాచకం ఉండేది. తప్పిపోయిన పిల్లను తండ్రి ఊరూరా వెతికే కథ. అతను వెతుకుతూనే ఉంటాడు, పేజీలు ఎంతకీ అయిపోవు. నాకు అదంటే ఒళ్లుమంట.

ఒక ఆదివారం, చక్కెర ఫ్యాక్టరీ కాంటా దగ్గర తూకం కోసం చెరకు బండ్ల వరుసలో ఆగిన మా బాపుకు సద్ది తీసుకుపోయాను.

"పరీక్షలున్నయి గద, గీడనే కూసోని సదువు" అన్నాడు బాపు.

విసుక్కుంటూనే ఉపవాచకం తీసి పైకి చదివాను. బండ్లవాళ్లంతా చుట్టూ చేరి విన్నారు. ఆఖరి పాఠం మిగిలుండగా వరుస కదిలింది, అందరూ ఎడ్ల దగ్గరికి ఉరికారు. ఆ పాఠం పరీక్షకు లేదని నేనూ చదవలేదు. పరీక్షలు కాగానే పుస్తకం చింపి నీళ్ల పొయ్యిలో పెట్టాను. పీడ పోయిందనుకున్నాను.

మరుసటేడు అదే కాంటా దగ్గర, వర్ని నుంచి వచ్చిన ముసలి బండాయన నన్ను గుర్తుపట్టాడు.

"బిడ్డా, గా పిల్ల దొరికిందా? కథ ఇంట్ల చెప్తే మా ముసల్ది యాడాది సంది అడుగుతున్నది."

బాపు కూడా నా మొహమే చూస్తున్నాడు.

"దొరికింది తాతా" అన్నాను.

ఆయన తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు. "ఇయ్యాల్నే పోయి చెప్త."

అప్పటికే ఉపవాచకం మార్చేశారు. నిజామాబాద్ పుస్తకాల దుకాణాలన్నీ తిరిగాను, పాతది ఎక్కడా లేదు. ఆ పిల్ల దొరికిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.