ఒక్క ఇంటి కోసం ఆరిళ్ళు

పొద్దున కాలేజీ బస్సు మల్కాపురం మలుపు తిరగగానే రిఫైనరీ వాసన కిటికీలోంచి గుప్పుమంది. మా విద్యార్థినులు చున్నీలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. నాకు మాత్రం ఆ వాసన తగిలితే సన్యాసమ్మగారు ముందు గొడుగు వేసుకుని తాపీగా నడుస్తున్నట్టూ, వెనక నేను విసుక్కుంటూ పోతున్నట్టూ ఉంటుంది. కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్ పాఠాలు చెప్పే ఉద్యోగంలో కుదురుకుని ఏళ్ళయింది. అయినా ఈ వీధుల్లోకి వచ్చిన రోజు నేను ఒకచోట కూర్చోలేను.

అప్పుడు నేను ఎమ్మెస్సీ నర్సింగ్ రెండో ఏడు చదువుతున్నాను. టీబీ రోగులు ఆరు నెలల మందు మధ్యలో మానకుండా మింగుతున్నారా లేదా అన్నది నా థీసిస్. మా నాన్నగారు గోదావరి వైపు నుంచి స్టీల్‌ప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఉక్కునగరంలో స్థిరపడినవారు. "హాయిగా ఆస్పత్రిలో ఫ్యాను కింద చేసుకునే పని ఉండగా, ఇంత చదువూ చదివి ఇంటింటికీ తిరగడం ఏంటే అమ్మాయ్?" అని రోజూ సణిగేవారు. థీసిస్ గబగబా ముగించి, మంచి ఉద్యోగం తెచ్చుకుని ఆయన నోరు మూయించాలని నా పంతం. కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని. నా కర్మకొద్దీ నాకిచ్చిన మల్కాపురం వార్డులో ఇంటింటికీ తిరిగే ఏఎన్ఎమ్ నర్సు సన్యాసమ్మగారు. పద్దెనిమిదేళ్ళకే ఆ ఉద్యోగంలో చేరి, రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. తొందర అన్న మాట ఆవిడకు తెలియదు.

అప్పలరాజు అనే ఆయనకు టీబీ. పోర్టులో బొగ్గు ఎత్తే కూలి. భార్య, రెండేళ్ళ కూతురు, ఒక్క అద్దె గది. మందు మొదలుపెట్టి రెండు నెలలయింది. ఆయన ఇంటికి వెళ్ళాలంటే సన్యాసమ్మగారు ముందు అటు మూడిళ్ళు, ఇటు మూడిళ్ళు తిరిగేది. ఒక ఇంట్లో పసిపిల్లను తూచేది, ఇంకో ఇంట్లో ముసలమ్మకు బీపీ చూసేది, మూడో ఇంట్లో ఊరికే మంచినీళ్ళడిగి తాగేది. ఎండకు నా నెత్తి మాడిపోయేది.

"మనకు కావలసింది ఒక్క ఇల్లే కదమ్మా! ఈ ఆరిళ్ళూ ఎందుకు?" అన్నాను ఒకరోజు, కోపం ఆపుకోలేక.

"నాను తిన్నగా ఆ ఒక్కింటికే ఎల్తే ఈదంతా ఆ ఇంటికేసే సూత్తాది పాపా," అంది ఆవిడ. "ఆరిళ్ళకెల్తే ఎవులూ సూడరు. నీకంత తొందరేటి? బస్సెల్లిపోతాదా?"

ఆ మాట నా చెవికెక్కింది గాని బుర్రకెక్కలేదు. తరువాతి వారం ఆవిడకు జ్వరం వచ్చి సెలవు పెట్టింది. ఇదే అదననుకున్నాను. తెల్లకోటు తొడుక్కుని, జాబితా చేతపట్టుకుని, దారిలో కుళాయి దగ్గరున్న ఆడవాళ్ళను "అప్పలరాజుగారిల్లు ఈ వరసలోనే కదూ?" అని అడిగి మరీ తిన్నగా వెళ్ళాను. ఆయన భార్య నన్ను గుమ్మంలో చూసి తెల్లబోయింది. నేను గమనించలేదు. ప్రశ్నలన్నీ గుమ్మంలోనే అడిగి, మిగతా రోగుల ఇళ్ళు కూడా అలాగే చుట్టేసి, మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి నాన్నగారి ముందు గొప్పలు చెప్పుకున్నాను కూడా.

నాలుగో రోజు సన్యాసమ్మగారితో వెళితే ఆ గది ఖాళీ.

"దగ్గురోగం ఉన్నాదని ముందల సెప్పలేదు. పిల్లలున్న కొంప మాది! ఈ నర్సమ్మగారు వచ్చెల్లాకే ఈదంతా తెలిసింది. కాళీ సెయ్యమన్నాం," అంది ఇంటి ఓనరమ్మ, నన్ను చూపిస్తూ. లోపల గూట్లో మందుల పెట్టె అలాగే ఉంది. మందు మధ్యలో ఆగితే రోగం తిరగబెడుతుందని, ఆయనతో పాటు ఆ పసిదానికీ ముప్పేనని పరీక్షలో పేజీలకు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేనే.

ఆవిడ తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. పెట్టె సంచిలో వేసుకుని "ఏటి సేత్తాం? పద, ఎతుకుదాం," అంది, అంతే.

వెతకడంలోనూ ఆవిడ పద్ధతి ఆవిడదే. ఎక్కడా ఆయన పేరెత్తలేదు, రోగం మాటెత్తలేదు. "రెండేళ్ళ ఆడపిల్లకి టీకా పడాల, కొత్తగా ఎవులైనా దిగేరేటి?" అని అంగన్‌వాడీలన్నిటిలో అడుగుతూ పోయింది. నాకు తిండి సయించలేదు. థీసిస్ కాగితాలు ముడితే ఒట్టు. తొమ్మిదో రోజున వన్ టౌన్‌లో, హోల్‌సేల్ కొట్ల వెనక సందులో, ఆ పిల్ల వీధిలో ఆడుకుంటూ కనిపించింది. నేను ఒక్క ఉరుకు ఉరికాను. ఆయన కాళ్ళ మీద పడైనా క్షమించమని అడగాలి. సన్యాసమ్మగారు నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపింది.

"ఎక్కడికి?"

"తప్పయిపోయిందని చెప్పొద్దా అమ్మా?"

"సెప్తే నీ మనసు తేలికవుతాది. ఆడికేటొత్తాది? మళ్ళీ నిన్ను సూస్తే ఈ సందులోంచీ లేసిపోతారు. ఎల్లు, ఆ పక్కిళ్ళల్లో పిల్లల్ని తూయి."

ఏడుస్తూనే తూచాను. పక్కిళ్ళు తిరగడం అయ్యాక ఆవిడ ఒక్కతే ఆ గుమ్మం ఎక్కి, మందుల పెట్టెతో వెళ్ళి ఖాళీ చేతులతో వచ్చింది. ఆ తర్వాత ప్రతిసారీ అలాగే. నేను పక్కిళ్ళ వరకే. థీసిస్ ఆరు నెలలు ఆలస్యమయింది. చివరికి ఒకరోజు "మింగడం అయిపోనాది. కఫంలో ఏటీ నేదంట," అని చెప్పి ఆవిడ నవ్వింది.

ఆ తరువాతి ఏడు ఏదో పనిమీద, అదే తెల్లకోటుతో, వన్ టౌన్‌లో నడుస్తున్నాను. ఒక కొట్టు ముందు బస్తాలు దించుతున్నారు. అందులో ఒకాయన బస్తా వీపున పెట్టుకునే నన్ను చూసి ఆగిపోయాడు. అప్పలరాజు! ఒళ్ళు చేశాడు. మొహం నిండుగా ఉంది. ఏడాదిగా దాచుకున్న మాట నా గొంతు దాకా వచ్చేసింది. అంతలో పక్కనున్నవాడు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఎవుల్రా బావా ఆ నర్సమ్మ? నీకేటి తెలుసా?" అన్నాడు. మిగతావాళ్ళూ తలలు తిప్పారు.

"ఏం బాబూ, దారికడ్డంగా నిలబడ్డారు? కాస్త జరగండి," అన్నాను నేను.

అప్పలరాజు ఒక్క క్షణం నా కళ్ళలోకి చూశాడు. "ఎల్లండమ్మా," అని పక్కకు జరిగాడు. నేను వెనక్కి తిరిగి చూడకుండా నడిచాను. ఆ క్షమాపణ ఇప్పటికీ నా దగ్గరే ఉంది.