చాటలను చర్చిలోకి రానిచ్చిన అయ్యగారు

మొన్న ఆదివారం చర్చిలో ప్రసంగం నడుస్తుంటే ఎవరిదో ఫోన్ మోగింది. కొత్తగా వచ్చిన పాస్టరుకు మా చిన్నోని ఈడే ఉంటది. మాట ఆపి, "దేవుని మందిరంలో నిశ్శబ్దం ఉండాలి" అని కండ్లెర్ర చేసిండు. అందరూ తలలు దించుకున్నరు. నాకు మాత్రం నవ్వొచ్చింది. ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంటే, నాకు దుఃఖం వచ్చిందనుకొని పక్కనున్న కోడలు వీపు నిమిరింది. అదీ పూర్తిగ అబద్ధం కాదు. ఇదే చర్చిలో ఒకప్పుడు ప్రసంగం మొదలైనకాడి నుంచి ఆఖరి దాకా కత్తెరలు కిచకిచలాడుతుండేవి. వాటిని ఆడనిచ్చిన అప్పటి పాస్టరు, మా అయ్యగారు, యాదికొచ్చిన్రు.

నేను పెండ్లయి సిద్దిపేటకు వచ్చేటప్పటికి ఎనభైలు సగం దాటినయి. మా వాడకట్టులో ఏ అరుగు మీద చూసినా ఆడోళ్ల ఒళ్లో చాట, చాటలో తునికాకు, ఆకు కోసే కత్తెర, తంబాకు, దారపుండ. పుట్టింట్లో పదో తరగతి చదివిన నాకు అత్తింటి విద్య మాత్రం అబ్బలేదు. బీడీ చుట్టడం రాకున్నా చుట్టరికం కలుపుకోవడం వచ్చు కాబట్టి వాడకట్టు నన్ను భరించింది. నేను చేసిన బీడీల్లో ఒకటి నిండు చూలాలు లెక్క, ఇంకోటి కరువులో పుట్టిన లెక్క ఉండేది. కార్ఖానా గుమాస్తా వాటిని ఏరి మొఖాన కొట్టేది. అట్ల తిరిగొచ్చినవాటిని మా మామ తాగేది. నా పనితనానికి ఆయనొక్కడే గిరాకి. మామ తాలూకా ఆఫీసులో చప్రాసిగా చేసి నౌకరి దిగిండు. చర్చికి ఆయనే సెక్రటరీ.

మాది తెల్లదొరలు పెట్టిపోయిన ఆంగ్లికన్ పద్ధతి చర్చి. తెల్లటి నిలువుటంగీ, పుస్తకం చూసి చేసే ప్రార్థన, ఎప్పుడు లేవాలె, ఎప్పుడు మోకరించాలె, అంతా ఒక వరుస. ఆ వరుసలోకి ఈ అయ్యగారు ఒక ట్రంకు పెట్టె, ఒక సైకిలుతో వచ్చిన్రు. వెనుకటి ఊరిలో రాళ్లు కొట్టేటోళ్ల తరఫున మాట్లాడి బదిలీ అయిన్రని, దానికంటే ముందటి ఊరిలోనూ అట్లాంటిదే ఏదో జరిగిందని ఆయనకంటే ముందే కబురొచ్చింది. "యాడా మూడేండ్లు నిలువలేదంట. శానా మంచాయననో, శానా చెడ్డాయననో అయ్యుండాలె. నడిమాయనైతే నిలిచెటోడు" అన్నది మా అత్త.

ఆదివారం మగోళ్ల దిక్కు నిండేది, ఆడోళ్ల చాపలు ఖాళీగుండేవి. అయ్యగారు గడపగడపకూ తిరిగి ఎందుకని అడిగిన్రు. అత్త చాట దించకుండనే జవాబు చెప్పింది.

"కార్ఖానకు సెలవు శుక్కురారం, దేవునికి సెలవు ఐతారం. ఐతారం బీడీలియ్యకుంటే సోమారం ఆకియ్యరు. మేం ఎవల మాటినాలె అయ్యగారూ?"

ఆయన కొంచెంసేపు తల గోక్కున్నరు. "చాటలు పట్టుకొనే రాండ్రి."

"చర్చికా?"

"చెవులతోటి చుట్టరు గదమ్మా బీడీలు!"

సువార్త చాటడానికి వచ్చిన మనిషి చాటలను లోపలికి రానిచ్చిండని వాడంతా నవ్వింది. నవ్వుకుంటనే పోయినం. ప్రార్థనప్పుడు కత్తెరలు ఆగేవి, ఆమెన్ అనంగనే మళ్ల మొదలయ్యేవి. ఆరాధన అయినంక అయ్యగారు చర్చి వరండాలో కూసోని బీడీ కార్మికుల గుర్తింపు కార్డుల కోసం దరఖాస్తులు రాయించేది. ఆ కార్డుంటే సర్కారు దవాఖానలో మందులు ఊరికే ఇస్తరు. తంబాకు పొడికి దగ్గని ఇల్లు మా వాడలో లేదు. రాసేది నేనే. "బీడీలకు లేని వరుస నీ అక్షరాలకున్నది బిడ్డా" అనేది అయ్యగారు. పక్కింటి సాయిబుల ఖాలా కూడా వచ్చి, "మేరా బీ లిఖ్ బేటీ, నాది గుడ రాయి, మీ అయ్యగారికి నా దగ్గు గుడ ఇనవడ్డది" అని వేలిముద్ర వేసిపోయింది.

మా మామకు మాత్రం ఇదంతా గిట్టలేదు. "మందిరమా, కార్ఖాననా?" అని ఇంట్లో గిన్నెలదిరేటట్టు అరిచేది. ఒక మాపటీలి అత్త బావికాడికి పోయినప్పుడు నన్ను పిలిచి, "నాకు కండ్లు మసకలైనయి, బిషప్ గారికి ఉత్తరం రాయి" అన్నడు. "పరిశుద్ధ మందిరమందు తంబాకు వాసన..." అని చెప్పుకుంట, వేళ్ల నడుమ నా బీడీ ఆరిపోతే మళ్ల ముట్టించిండు. నేను నవ్వలేదు. రాయనని కూడా అనలేదు. కొత్త కోడలినని చెప్పుకుందామంటే అప్పటికే నాలుగేండ్లాయె. పిరికిదాన్ని, అంతే. కామాలతో, ఫుల్‌స్టాపులతో శుభ్రంగ రాసిచ్చిన. కింద పెద్దమనుషులు దస్కతులు పెట్టిన్రు.

నెల తిరుగకముందే సంజాయిషీ కోసం ఆ కాయితం అయ్యగారికే వచ్చింది. ఆయన దాన్ని పట్టుకొని మా ఇంటికొచ్చిన్రు. మామ లేడు. మడత విప్పి నా ముందర పెట్టిన్రు. వరండాలో దరఖాస్తుల మీద ఆ చేతిరాతను ఆయన ఎన్నిసార్లు చూసిన్రో నాకెరుకే. నేల చీలితే బాగుండు అనుకున్న. అది చీలలేదు.

"నా జవాబు గుడ నువ్వే రాయి బిడ్డా. రెండు ఒక్క తీరుగుంటే బిషప్ గారికి సదువ అల్కగుంటది."

ఆ మాటలో ఎకసెక్కెం లేదు. అదే నన్ను చంపింది. పెన్ను పట్టుకొని, ఆయన చెప్పకముందే, "కొందరు స్త్రీలు తెలియక తెచ్చినారు" అని రాసిన.

"కొట్టెయ్యి. తెలియక గాదు. నేనే తెమ్మన్న."

"అట్ల రాస్తే మిమ్ముల పంపిస్తరు అయ్యగారూ."

"పంపిస్తరు. నువ్వు రాసినట్టైతే నేనుంట, వాళ్లను వద్దంటరు. గుడిసెలకేంచి మందిరం దాక వచ్చినోళ్లను మళ్ల బయటికి పంపి, నేను లోపలుండి ఎవలికి చెప్పాలె?"

కొట్టేసిన. క్రిస్మస్‌కు ముందే బదిలీ కాయితం వచ్చింది.

బస్టాండుకు ఆడోళ్లం అందరం పోయినం. దారి పొడుగునా నేను ఒక్కటే మాట నోట్లో తిప్పుకుంట పోయిన, తప్పయింది అయ్యగారూ, అని. తీరా ఆయన ముందర నిలబడినంక, "అన్నం తిన్నరా?" అని అడిగిన.

"తిన్న బిడ్డా. కార్డులొస్తే నాకొక జాబు రాయి" అని బస్సెక్కిన్రు.

ఎండకాలం కార్డులొచ్చినయి. ఖాలా తన కార్డును కొంగున కట్టుకొని నాలుగు వాడలు తిరిగింది. అప్పటికే చాటలు మళ్ల అరుగుల మీదికి చేరినయి. మా అత్త పండుగకు తప్ప చర్చికి రావడం మానేసింది. ఆఖరు రోజుల్లో మామ కూడా, "ఆ అయ్యగారు ప్రార్థన చేస్తే ఒంటికి హాయిగుండేది" అన్నడు. ఎవరితో అన్నడో తెలువది, గోడ దిక్కు తిరిగి అన్నడు. జాబు మాత్రం నేను రాయలేదు. రాస్తే ముందుగల తప్పయిందన్న ఆ మాటే రాయాలె, ఆ మాటకాడ నా చెయ్యి ఆగేది. ఏడాది మీద ఏడాది పడ్డది. ఇంకో రెండు మూడు ఊర్లు మారి, నౌకరి దిగి, ఎక్కడో పల్లెలో ఆయన కన్నుమూసిన్రని ఎవరో చెప్తే విన్న.

బస్సెక్కిననాటి ఆయన వయసును నేనెప్పుడో దాటిన. ఇప్పుడైతే ఎవరి ముందరైనా ఆ రెండు ముక్కలు జంకకుండ చెప్పగలుగుత. కాలం ధైర్యాన్ని నా దాకా తెచ్చిచ్చింది గాని, తెచ్చేటప్పటికి ఆ మాట వినవలసిన మనిషిని వెనుకనే దించేసి వచ్చింది.