నీళ్లకు ముందు యంగోనా

గిర్మిట్ అనే కూలి ఒప్పందం చివరి రోజుల్లో నన్ను ఫిజీలోని లంబాసాలో డాక్టరు దొర దగ్గర కారు డ్రైవరుగా వేశారు. హోదాలో కాంపౌండరు కన్నా కింద, వంటవాడి కన్నా పైన. మొన్న నా మనవడు ఆ కారు ఫొటో చూసి క్లాసిక్ అన్నాడు. ఆ క్లాసిక్ నా ప్రాణం ఎలా తోడేసిందో వాడికేం తెలుసు!

దాని రోగమంతా నీళ్ల పంపులో ఉండేది. ఇంజను చుట్టూ నీళ్లు తిప్పే ఆ పంపు ఇరుసుకు గ్రీజు పూసిన నూలుతాడు చుట్టి, పైన నట్టు బిగిస్తారు. బొట్టు బొట్టుగా కాస్త కారుతూనే ఉండాలి. బొత్తిగా ఆగేలా బిగిస్తే రాపిడికి తాడు మాడిపోయి ఇంకా ఎక్కువ కారుతుంది.

ఒక మధ్యాహ్నం వునిమోలి చెరుకు తోట కూలీలుండే లైన్ల నుంచి అప్పన్న పరుగున వచ్చాడు. విశాఖపట్నం వైపు మనిషి. భార్యకు రాత్రి నుంచి నొప్పులట, బిడ్డ అడ్డం తిరిగిందట. అతన్నీ దొరనూ ఎక్కించుకుని బయలుదేరాను. సగం దారిలో పంపు ధారగా కారడం మొదలైంది. దొర ఓపిక పట్టలేక, నేను వద్దంటున్నా తనే స్పానరు అందుకుని నట్టు బిగించేశాడు. కాస్త దూరం పోయామో లేదో తాడు మాడిన వాసన, రేడియేటరు నుంచి ఆవిరి. బండి ఆపేశాను.

పక్కనే ఫిజీవాళ్ల ఊరు ఉంటే నీళ్లకు వెళ్లాం. అక్కడ కొత్తవాడు, వాళ్లు దంచి నీళ్లలో కలిపి తాగే యంగోనా వేరు చేతికిచ్చి గాని మాట మొదలుపెట్టకూడదు. మా దగ్గర వేరు లేదు. ఊరిపెద్ద తన ఇంట్లోంచే వేరు తెప్పించి, మా తరఫున తనే ఇచ్చుకుని, తనే పుచ్చుకుని, చాప మీద కూర్చోమన్నాడు.

అప్పన్న కూర్చోలేదు. "బాబూ, మీరిక్కడ యంగోనా తాగుతూ కూకుంటే నా ఆడది సచ్చిపోతాది," అన్నాడు. దొర కూడా నీళ్లు పోసి కదలమన్నాడు. నాకూ భయంగానే ఉంది.

"కాలుతున్న ఇంజనులో చన్నీళ్లు పోస్తే పగిలిపోద్ది అప్పన్నా. ఆ తర్వాత ఎవరమూ చేరం. నీ తలగుడ్డ ఇలా ఇవ్వు," అన్నాను. దొరకు అదే మాట హిందుస్తానీలో చెప్పాను.

దొర కూర్చున్నాడు. వేరు ఎలా దంచుతారు, ముందు ఎవరికిస్తారు అని ఒకటే ప్రశ్నలు. ఈలోగా నేను తలగుడ్డ అంచు చింపి, దొర సంచీలోని వేజలీను పూసి, చేతులు చురుక్కుమంటున్నా మాడిన తాడు తీసేసి దాని బదులు ఇరుసుకు చుట్టాను. నట్టు వేళ్లతోనే బిగించాను. యంగోనా పోసిన కొబ్బరిచిప్ప అందరి చేతులూ తిరిగి వచ్చేసరికి రేడియేటరు చెయ్యి ఆనించగలిగేంత చల్లబడింది. అప్పుడు నీళ్లు పోశాం.

వునిమోలి దాకా పంపు బొట్టు బొట్టుగా కారుతూనే ఉంది. దొర బిడ్డను సరిగ్గా తిప్పి బయటికి తీశాడు. ఆడపిల్ల. తల్లీ బతికింది.

ఆ ఆదివారం అప్పన్న కూలీల మీద ఉండే సర్దారు దగ్గర తోట దాటడానికి పాసు పుచ్చుకుని, వేరు పట్టుకుని ఆ ఊరికి నడిచి వెళ్లాడట. ఈసారి చాప మీద కూర్చుని, చిప్ప తిరగడం అయ్యేదాకా లేవలేదట.

వేడెక్కిన ఇంజను ఎవరి తొందరా వినదు. డ్రైవరుకు బండి తోలడం ఎంత పనో, ఆపి కూర్చోవడం కూడా అంతే పని. ఉద్యోగం మానేదాకా నా స్పానర్ల పెట్టెలో ఒక యంగోనా వేరు ఉండేది.