ఆరోగ్యమ్మ చెల్లెలి కార్డు

“పండగ అయిపోయిన కాగితమే గదక్కా. పారెయ్యకుండా చీటీలకు కత్తిరించినా. దాంట్లో తప్పేముండాది?”

“నా చెల్లెలి అడ్రసు కత్తిరించినావు కామాక్షీ. అది నీకు కాగితమా?”

“అంత ముఖ్యమైతే నోటుబుక్కులో ఎక్కించుకోవాల. దారానికి తగిలించి గాలికి ఊగనిస్తారా?”

“నాకు రాసేది వచ్చుంటే ఎక్కించుకోనా?”

దళసరి అట్టలో కత్తెర కరకరమని దిగే చప్పుడు విన్నప్పుడల్లా ఈ మాటలు నా చెవిలో పడతాయి. మొన్న మనవరాలు బడిలో క్రిస్మస్ అలంకారానికని రంగు అట్టలు కత్తిరిస్తుంటే మళ్లీ పడ్డాయి. ఆరోగ్యమ్మ ఇప్పుడు లేదు. మా తమిళ ఊళ్లో, గోరిమేడులో, మా ఇంటి వెనక భాగంలో పదకొండేళ్లు బాడుగకు ఉంది. జాకెట్లు కుట్టేది. ఆమెది తమిళం. నాతో మాట్లాడీ మాట్లాడీ మా ఇంటి తెలుగు పట్టుకుంది. నాకన్నా ఆరేళ్లు పెద్దది కాబట్టి అక్కా అనేదాన్ని. అక్కా అంటూనే ఆమె చేసే ప్రతి పనికీ వంక పెట్టేదాన్ని. డిసెంబరు రాగానే వాకిట్లో కాగితం నక్షత్రం కట్టి, లోపల బల్బు వెలిగించేది.

“మీ సామి పుట్టింది ఒక్క రాత్రి గదా. నెలంతా లైటెందుకు?” అని అడిగాను.

“వచ్చేవాళ్లకి దోవ తెలియాల.”

“ఎవురొస్తారు?”

“నువ్వొస్తావు గదా, రోజూ తిట్టేదానికి.”

కార్డుల సంగతి నాకు ఇంకా వింతగా ఉండేది. వచ్చిన కార్డులన్నీ ముందు గదిలో దారం కట్టి, బట్టలు ఆరేసినట్టు వరసగా వేలాడదీసేది. మంచు కప్పిన ఇళ్లు, మంచు కప్పిన చెట్లు. ఈ ఉక్కపోతలో కూర్చుని ఆ మంచు ఎవరికి చూపించాలో నాకు అర్థమయ్యేది కాదు. వాటిలో నట్టనడుమ ఎప్పుడూ ఫ్రాన్సు నుంచి చెల్లెలు పంపిన కార్డే ఉండేది. ఒకసారి తెరిచి చూశాను. లోపల పేరు తప్ప ఏమీ లేదు.

“ఇంత అట్ట, ఇంత దూరం, లోపల ఒట్టి పేరా? బాగుండావా అని కూడా అడగలేదే?”

“మాకు మాటల్లేవు కామాక్షీ. అమ్మ ఇల్లు పంచుకునేటప్పుడు పోయినాయి. తొమ్మిదేండ్లు.”

“మరి కార్డెందుకు?”

“బతికుండానని. ఒక యేడు రాలేదంటే పోయిందనుకోవాల. నాది పోకపోతే ఆమె గూడా అట్లే అనుకుంటాది.”

ఆ మాట చాలా రోజులు నా బుర్రలో తిరిగింది. మా వాళ్లలో తగువు పడితే మళ్లీ కలిసి మాట్లాడతారు, లేదా చావుకు కూడా గడప తొక్కరు. ఈ నడిమి దారి నేనెక్కడా చూడలేదు.

ఆ మరుసటి జనవరిలో, క్రిస్మస్ సంబరాలు ముగిసే మూడు రాజుల పండగ నాటికి ఆమె జ్వరంతో పడుకుంది. ఏటా ఆ పండగ కాగానే అలంకారాలు విప్పేస్తుంది కదా అని, ఆ పని నేనే చేశాను. నక్షత్రం జాగ్రత్తగా మడిచి పెట్టాను. కార్డులు మా ఇంటికి తెచ్చుకున్నాను. మా ఇంట్లో పెళ్లి పత్రికకు కూడా పెళ్లి అయ్యేదాకానే మర్యాద. తర్వాత దాని వెనక వైపు సరుకుల చీటీ అవుతుంది. క్రిస్మస్ కార్డూ అంతేననుకుని నాలుగేసి ముక్కలు చేశాను. చెల్లెలు ఆ యేడే ఇల్లు మారి, కొత్త అడ్రసు కార్డు వెనక రాసిందని నాకు తెలియదు. ఆరోగ్యమ్మ కార్డులన్నీ నేను దాచి ఉంచాననుకుంది. మళ్లీ డిసెంబరు వచ్చి, చెల్లెలికి కార్డు పంపాలి, పాతది ఇమ్మని అడిగినప్పుడే సంగతి బయటపడింది. మొదట రాసిన మాటలు ఆ సాయంత్రం మా పెరట్లో అనుకున్నవే. చివరికి ఆమె, “నన్ను చంపేసినావు పో. ఆ ఊర్లో నేను చచ్చినట్టే,” అని తలుపు వేసుకుంది.

నక్షత్రాలకీ రంగు కాగితాలకీ డబ్బు పోయడం నాకు ఇప్పటికీ నచ్చదు. కానీ ఎవరింట్లోనైనా కార్డు కనిపిస్తే బొమ్మ చూడను, తెరిచి లోపల చూస్తాను. అట్ట ముక్క ఏది చేతికొచ్చినా, ఇది ఎవరికి ఏమవుతుందో అని అడగకుండా కత్తెర పెట్టను. అది ఆమె నేర్పిందే.

ఆ తగువు పడిన మర్నాడు పొద్దున, నేను చీటీలు రాసిచ్చే సరుకుల అంగడి తెరవకముందే వెళ్లి మెట్టు మీద కూర్చున్నాను. అంగడాయన అన్నాచ్చి సరుకుల చీటీలన్నీ ఒక ఇనుప కమ్మీకి గుచ్చి పెట్టేవాడు. అడిగితే కమ్మీ దించి నా ఒళ్లో పెట్టాడు. బాగా అడుగున దొరికింది. ఒకవైపు కందిపప్పు, బెల్లం, సీకాయ. రెండోవైపు అడ్రసు. తెచ్చి ఇస్తే ఆరోగ్యమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, కొత్త కార్డూ కవరూ నా ముందు పెట్టింది.

“నువ్వే రాయి.”

“ఆ ఫ్రాన్సు అక్షరాలు నాకు రావక్కా.” మూడో తరగతి తమిళ బడి, మా తాత ఇంట్లో దిద్దించిన తెలుగు, అంతే నా చదువు.

“ముగ్గేస్తావు గదా. చూసి వెయ్యి.”

ఒక్కొక్క గీతే చూసి దించాను. గంట పట్టింది. ఆమె కార్డు లోపల తనకొచ్చిన సంతకం ఒక్కటీ పెట్టి మూయబోయింది.

“బాగుండావా అని ఒక్క మాట రాసేదా?” అని అడిగాను.

ఆమె కార్డు మళ్లీ తెరిచి నా వైపు జరిపింది. “రాయి,” అంది.

తమిళంలో ఆ ఒక్క మాటా రాశాను. ఇద్దరం నడిచి వెళ్లి కార్డు పోస్టు డబ్బాలో వేసి వచ్చాం.